నిర్మలాదేవి ఎంచుకున్న కాలేజీ

షెఫీల్డ్‌లోని ఒక సర్జరీలో (ఇంగ్లండులో డాక్టరు క్లినిక్కును అలాగే అంటారు) నిర్మలాదేవి రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చోబట్టి తొమ్మిదేళ్లయింది. డాక్టరు పిలవగానే పేషెంటు పేరు పైకి చదవడం ఆమె పనుల్లో ఒకటి. సోమాలీ పేరైనా, పోలిష్ పేరైనా, మొదటిసారే మనిషినడిగి నోటుబుక్కులో తెలుగు అక్షరాలతో రాసుకునేది. రెండోసారికి ఆ పేరు వాళ్లింట్లో పిలిచినట్టే వినిపించేది. అలాంటి మనిషి మరో సర్జరీలో ఉంటే చూపించండి, నేను ఒప్పుకుంటాను.

ఆ గొంతు విని 2012లో మేనేజర్ ఆమెను పేటలోని చిన్న రేడియోకి పంపింది, ఫ్లూ టీకా గురించి నాలుగు మాటలు చెప్పి రమ్మని. వెళ్లిన మనిషి ఆ తర్వాత ప్రతి ఆదివారం అరగంట మాట్లాడుతూనే ఉంది. రెండేళ్లు తిరిగేసరికి, నలభై రెండేళ్ల వయసులో, ఆమెకు చదవాలనిపించింది. కమ్యూనికేషన్, మీడియాలో ఫౌండేషన్ డిగ్రీ. రెండేళ్ల కోర్సు. జనగామలో డిగ్రీ సగంలో వదిలేసి, పెళ్లి చేసుకుని విమానమెక్కింది ఆవిడ. ఈసారి కూడా సగంలో ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టే గుండె తనకు ఉండదని ఆమెకు బాగా తెలుసు. అందుకే కాలేజీ ఎంపికలో పొరపాటు జరగకూడదు.

ఆ బాధ్యత భర్త హన్మంతు నెత్తికెత్తుకున్నాడు. కౌన్సిల్ ఆఫీసులో ఉద్యోగం, పట్టికలు గీయడమంటే ప్రాణం. ర్యాంకుల వారీగా జాబితా వేసి, పక్క ఊళ్లోని పేరుమోసిన యూనివర్సిటీని మొదట పెట్టాడు. ఊళ్లోని చిన్న కాలేజీని భార్య పట్టుబట్టిందని అట్టడుగున రాశాడు.

యూనివర్సిటీ ఓపెన్ డేకి, అంటే చేరాలనుకునేవాళ్లు వచ్చి చూసుకునే రోజుకి, కూతురు రుచితతో కలిసి ముగ్గురూ వెళ్లారు. అద్దాల భవనం, ఉచితంగా సంచులు, చేతినిండా రంగురంగుల పుస్తకాలు. అక్కడి వాళ్లు పదమూడేళ్లకే తల్లంత ఎత్తు పెరిగిన రుచితను చూసి చదవబోయేది ఆ పిల్లేననుకుని, ఏ కోర్సు ఇష్టమని అడిగారు. నిర్మలాదేవి నవ్వుతూ నిలబడిందే కానీ, చదివేది నేనని చెప్పలేకపోయింది. ఇంటికొచ్చాక తన మీద తనకే ఒళ్లు మండింది.

తర్వాతి శనివారం చిన్న కాలేజీ ఓపెన్ డే, పది గంటలకు. హన్మంతు ఏడింటికే భార్యాబిడ్డలను గేటు ముందు నిలబెట్టాడు. చంకలో ఫైలు. అందులో పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరేసి జెరాక్సులు. పాపం, ఆయన తప్పేం లేదు. వెనకటికి ఎంసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లేటప్పుడు వరంగల్ బస్సు ఆలస్యమై, కోరుకున్న కాలేజీలో ఆఖరి సీటు కళ్లముందే ఎవరికో పోయింది. ఓపెన్ డే అంటే కాలేజీ చూసి పోవడమేనని రుచిత ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

చలిలో వణుకుతున్న వీళ్లను చూసి వాచ్‌మన్ జాలిపడి లోపల కూర్చోబెట్టాడు. ఎదురుగా రేడియో గది, తలుపు బార్లా తెరిచి ఉంది. లిండా అనే టీచరు, యాభై ఏళ్ల బస్సు డ్రైవరు ఒకాయన, ఆ రోజు ఓపెన్ డేలో వినిపించాల్సిన రికార్డు కోసం పొద్దున్నే వచ్చి వాదించుకుంటున్నారు. ఆయన అక్కడి విద్యార్థే. ఒక ముసలావిడతో మాట్లాడి రికార్డు చేసుకొచ్చాడు, ఆ మాటలు బయటికీ వినిపిస్తున్నాయి. అది కాస్త పొడుగైంది, ఎక్కడ కత్తిరించాలన్నది తగువు. లిండా తల తిప్పి, బయట కూర్చున్న నిర్మలాదేవిని చూసి, విన్నారు కదా, మీరైతే ఏం చేస్తారని అడిగింది.

నిర్మలాదేవి లేచి గుమ్మం దాకా వెళ్లింది. భర్త గురించి చెబుతూ ఆ ముసలావిడ ఆగిపోయిన చోటు ముట్టుకోవద్దని, ముందున్న వాతావరణం కబుర్లు తీసేస్తే సరిపోతుందని చెప్పింది. లిండా మళ్లీ వేసి విన్నది. అలాగే కత్తిరించింది. అప్పుడు నిర్మలాదేవి, ఎవరూ అడగకుండానే, కోర్సులో చేరాలనుకుంటున్నది తానేనని, ఆదివారాలు రేడియోలో మాట్లాడుతుంటానని చెప్పేసింది.

హన్మంతు ఆ సందు చూసుకుని ఫైలు తెరిచాడు. లిండా నవ్వలేదు. ఒక్కో మెమో శ్రద్ధగా చూసి, దరఖాస్తు ఆన్‌లైన్‌లో పంపమంది, ఇంటర్వ్యూకి ఆదివారం ప్రోగ్రాముల రికార్డింగులు తెమ్మంది.

తిరుగు ట్రామ్‌లో హన్మంతు పాత పాటే అందుకున్నాడు. “పేరున్నదాంట్ల చదివితే నలుగురికి చెప్పుకోవచ్చు నిర్మలా.”

“చెప్పుకునుడు మీకు, చదువుడు నాకు,” అంది ఆమె. “ఆడ నన్ను ఒక్కలు గుడ అడగలే. ఈడ అడిగిన్రు. నేను ఈడనే చదువుత.”

“మమ్స్ రైట్, డాడ్,” అంది రుచిత ఫోన్లోంచి తలెత్తకుండా.

జనవరిలో ఇంటర్వ్యూ అయింది, మార్చిలో సీటు ఖాయమని ఉత్తరం వచ్చింది. ఆ వేసవిలో తెలుగువాళ్ల బోనాల భోజనాల దగ్గర అక్కడి పెద్దాయన సాంబశివరావు, మీ అమ్మాయికి ఏ కాలేజీ చూస్తున్నారని హన్మంతును పలకరించాడు. రెండు బల్లల అవతల పులిహోర వడ్డిస్తున్న నిర్మలాదేవి గరిటె ఆపింది. చిన్న కాలేజీ పేరు చెప్పడానికి ఆయన నామోషీ పడతాడేమోనని ఆమె గుబులు.

“బిడ్డ ఇంక స్కూల్లనే ఉన్నదండీ,” అన్నాడు హన్మంతు, హాలంతా వినబడేలా. “కాలేజీకి పోయేది మా ఇంటామె. నేను పెద్ద యూనివర్సిటీ జూపిస్తే వద్దన్నది. ఆమెకు నచ్చిందే పట్టుకున్నది.”

పెళ్లయిన ఇన్నేళ్లలో, తన మాట చెల్లని సంగతిని ఆయన అంత గర్వంగా చెప్పుకోవడం నిర్మలాదేవి మొదటిసారి వింది.