బయ్యన్న తాత గొర్రెలు

మా ఊరి లైన్‌మన్ బయ్యన్న మాట రానివాడు కాడు. స్తంభం మీద ఉన్నంతసేపూ కింద నిలబడ్డవాళ్లను నవ్వించేవాడు. దిగి, జేబులోంచి ఆఫీసు కాగితం తీసి 'ఓవర్‌లోడు' అని మొదలుపెట్టాడంటే మాత్రం జనం పలచబడేవారు. క్రియ చివర ఉంటే వాక్యం ఎంత పొడవైనా చెడదని ముప్పై రెండేళ్లు పిల్లలకు చెప్పినవాణ్ణి నేను. ఆ కాగితంలో అసలు క్రియే ఉండేది కాదు. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

2005 జనవరిలో, బుక్కరాయసముద్రం అవతల ఉన్న మా ఊరి తూర్పు పొలాల ట్రాన్స్‌ఫార్మర్ నెల తిరక్కుండా రెండోసారి కాలిపోయింది. అది ఆరు మోటార్లకు సరిపోయేది. దాని కింద ఉన్నవి పదకొండు. త్రీఫేజు కరెంటు రోజుకు ఏడు గంటలే, అదీ ఎప్పుడొస్తుందో తెలియదు. అందువల్ల ప్రతి రైతూ స్టార్టరుకు 'ఆటో' అనే చిన్న పరికరం తగిలించి ఇంటి పట్టున ఉండేవాడు. కరెంటు రాగానే పదకొండు మోటార్లూ ఒక్కసారిగా తిరిగేవి. తాను ఆపితే పక్కవాడు ఆపుతాడన్న నమ్మకం ఎవరికీ లేదు. వేరుశనగకు ఊడలు దిగే సమయమది. ఈసారికి బాగు చేయిస్తామనీ, మళ్లీ కాలితే మాత్రం పంటకాలం ముగిసేదాకా అడగవద్దనీ ఇంజనీరు చెప్పి పంపాడు.

బయ్యన్న నా దగ్గరికి వచ్చి, మంచి తెలుగులో ఒక నోటీసు రాసిమ్మన్నాడు. 'విద్యుత్పరివర్తక సంరక్షణార్థము' అని ఎత్తుకొని, ఒక్క సంధినీ విడవకుండా రాశాను. ఇప్పటికీ అందులో దిద్దవలసిన అక్షరం లేదు. పాలకేంద్రం గోడకు అతికించాము. మరునాడు తిప్పమ్మ నన్ను దారిలో ఆపింది. తూర్పు పొలాల్లో ఒకటిన్నర ఎకరం ఆమెది.

"ఐవారూ, గోడకు కాగితం అంటించినారంట. ఎవురు పోయినారు? దినం ఎప్పుడు?"

మా వైపు కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే దించి, ట్రాక్టరులో అనంతపురం కరెంటాఫీసు షెడ్డుకు తీసుకుపోయి, బాగు చేయించుకొని తెచ్చుకొంటారు. తిరిగి ఎక్కించే పనికి అందరి చేయీ పడాలి కాబట్టి ఆ ఉదయం పదకొండు కుటుంబాలవాళ్లూ అక్కడే ఉన్నారు. పని ముగిసింది. బయ్యన్న కరెంటు ఇవ్వలేదు. ఖాళీ ట్రాలీ అంచున కూర్చొని, బీడీ ముట్టించి, తన తాత గొర్రెల సంగతి ఎత్తాడు.

తాతకు నూట ఇరవై గొర్రెలట. ఎండాకాలంలో ఒకనాడు మంద పొద్దంతా నడిచి, ఒక బావి దగ్గర రాతితొట్టిని చూసిందట. తాత జాలిపడి అన్నింటినీ ఒక్కసారే వదిలాడట. తొట్టి ఒరిగింది, పగిలింది, నీళ్లు మట్టిపాలయ్యాయి. నూట ఇరవై గొర్రెలూ తడి మట్టిని నాకుతూ నిలబడ్డాయి. మరునాటి నుంచి తాత కొత్త తొట్టి దగ్గర కట్టె పట్టుకొని, మందను రెండు గుంపులు చేసి వదిలేవాడట.

అక్కడ ఆపి బయ్యన్న బీడీ పొగ వదిలాడు. కథ చివర నీతి చెప్పకపోతే నాకు ఊపిరాడదు, నోరు తెరిచాను. "సార్, ఈ స్పానరు రవ్వంత పట్టుకోండి" అని బయ్యన్న దాన్ని నా చేతిలో పెట్టాడు. నోరు మూసుకొన్నాను.

మూడెకరాల కదిరప్పకు కథ నచ్చలేదు. "ఎనకుండే గుంపుకు బురదనీళ్లే గదన్నా?"

బయ్యన్న బీడీ నలిపి పారేశాడు. బదులిచ్చింది తిప్పమ్మ. "నిన్న ఎనక తాగినదాన్ని ఈ పొద్దు ముందర ఇడిస్తే సరిపాయ గదప్పా."

కదిరప్ప ఆమె వైపు తిరిగాడు. "అట్లయితే నువ్వు ఏ గుంపులో ఉంటావు?"

"నువ్వుండే గుంపులో మాత్రం వొద్దు. తొట్టి మీదికే ఎక్కుతావు నువ్వు."

ఆటోలన్నీ ఊడదీసి బయ్యన్న సంచిలో వేశారు. తొలి వంతు తిప్పమ్మతో కలిపి ఆరుగురిది, తర్వాతిది కదిరప్పతో కలిపి ఐదుగురిది. వంతుకు మూడున్నర గంటలు.

మరునాడు పదకొండు గంటలకు కరెంటు వచ్చింది. కదిరప్ప తన స్టార్టరు పెట్టె మీద చేయి పెట్టి నిలబడ్డాడు. తిప్పమ్మ తన మోటారు వేసి, సంగటి గిన్నె తీసుకొని వచ్చి ఆ పెట్టె ముందే కూర్చొంది. కదిరప్పను నమ్మకపోవడం ఆమెకు మర్యాదలోపంగా తోచలేదు. ఆయనకు కూడా ఒక ముద్ద పెట్టింది. ఆయన కుడిచేతితో తిన్నాడు, ఎడమచేయి పెట్టె మీదే ఉంచాడు. మేమందరం మోటార్ల చప్పుడు లెక్కపెడుతూనే ఉన్నాము: ఆరు. రెండున్నరకు తిప్పమ్మ లేచి, చేయి కడుక్కొని, పోయి తన మోటారు ఆపి, అక్కడినుంచే చేయి ఊపింది. అప్పుడు నొక్కాడు కదిరప్ప.

ఏప్రిల్‌లో కాయ ఇల్లు చేరేదాకా ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలలేదు.

చాలాకాలానికి, బయ్యన్న ఉద్యోగవిరమణ నాడు, ఆ తాతది ఏ ఊరని అడిగాను.

"గుత్తిలో టైలరు సార్ మా జేజినాయన. గొర్రెలంటే దడుసుకొంటాండె."

ఈ సంగతి కదిరప్పకు నేను చెప్పలేదు. పక్క ఊరివాళ్లకు ఆ కథ చెప్పేటప్పుడు, ఆ మందను తాను కళ్లారా చూశానంటాడు. గొర్రెలు కూడా ఇప్పటికి రెండు వందలయ్యాయి.