అవ్వ పంపిన మాట

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. కాలేజీ చదువు వల్ల కాదు, నన్ను పెంచిన అవ్వే నమ్మేది కాదు. "చచ్చినోళ్ళకి మనింట్లో ఏం పని అమ్మీ? బతికినోళ్ళకే పొద్దు చాలదు" అనేది. అందుకే ఇది రాయడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. పిల్లలిద్దరూ నిద్రపోయాక, వాళ్ళ ఊపిరి ఒకసారి చూసి వచ్చి రాస్తున్నాను.

అవ్వ అంటే మా అమ్మమ్మ. నన్ను కని అమ్మ పోతే, తమిళదేశంలో కోవిల్‌పట్టి నుంచి ఒట్టపిడారం పోయే దారిలో ఉన్న మా నల్లరేగడి పల్లెలో ఆమే నన్ను పెంచింది. తెల్లవారేసరికి పత్తి చేలో ఉండేది. మధ్యాహ్నం ఎవరో ఒక రోగి దగ్గర ఉండేది. చిన్నప్పుడు మశూచి సోకి ఆమె ముఖమంతా మచ్చలు పడ్డాయి. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రాదు గనుక, ఆ జబ్బున్న ఇంటికి భయపడకుండా వెళ్ళేది ఊళ్ళో ఆమె ఒక్కతే. ఎవరి పిల్లలని అడిగేది కాదు. గంజి తాగించి, వేపాకు పరిచి, పక్కనే చాప వేసుకునేది. బతకని పిల్లల్ని పూడ్చడానికి తానే ఎత్తుకెళ్ళిన రోజులూ ఉన్నాయి. అలాంటి రోజు ఇంటికొచ్చి తలకు పోసుకుని, పత్తిలోంచి గింజలు తీస్తూ కూర్చునేది.

టీకాలవాడు వస్తే పిల్లల్ని చెయ్యి పట్టి లాక్కొచ్చేది కూడా ఆమే. నా కూతురికి వేయించమని రెండుసార్లు కబురు పంపింది. పాపకు జలుబుగా ఉంది, తగ్గాక చూద్దామని వాయిదా వేసింది చదువుకున్న నేను.

పెళ్ళయ్యాక నా కాపురం విరుదునగర్‌లో. ఊరి పేరు మార్చి ఏళ్ళయినా అవ్వకు అది విరుదుపట్టే. పాపకు రెండేళ్ళు నిండిన ఎండాకాలంలో జ్వరం వచ్చి, మూడో రోజుకు పొక్కులు లేచాయి. మా ఆయన తల్లి, మా అత్త, వాకిట్లో వేపమండ కట్టింది. మశూచిని మావాళ్ళు తల్లి అంటారు. తల్లి ఉన్న ఇంట్లోకి బయటివాళ్ళు రారు. ఆ ఇంటికి చావుకబురు చెప్పరు. చావింటికి పోయినవాళ్ళు ఆ వీధి తొక్కరు. పొక్కులు మాడి, బిడ్డకు మూడుసార్లు తలకు నీళ్ళు పోసేదాకా ఇదే కట్టుబాటు.

అవ్వ కొడుకు, మా మామ, పత్తి బేరానికి రెండు రోజులకోసారి రైల్లో వచ్చేవాడు. ప్రహరీ బయట నిలబడి, అవ్వ పంపిన తాటిముంజల బుట్ట గోడ మీద పెట్టి, ఆమె చెప్పమన్నవి చెప్పి వెళ్ళేవాడు. ఊళ్ళో కూలివాళ్ళ గుడిసెల్లో వాంతిభేది ఉంది, అది తగ్గగానే అవ్వ వస్తుందన్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులు ఎవరూ రాలేదు.

పాప ముఖం గుర్తుపట్టలేనంతగా వాచింది. రెప్పలు చీముతో అతుక్కుపోయాయి. తడిపి విడదీస్తానంటే అత్త ఒప్పుకోలేదు. తల్లి ముఖాన కూర్చుని ఉంది, చెయ్యి పెడితే ఉగ్రమవుతుందంది. ఆమె చెడ్డమనిషి కాదు. తన బిడ్డలిద్దరిని ఈ జబ్బుకే పోగొట్టుకుంది.

అయిదో రోజు మధ్యాహ్నం రెండు గంటల వేళ నేను పాపకు వేపమండతో విసురుతున్నాను. అత్త నడవలో పడుకుని ఉంది. గోడ బయటి నుంచి మామ పిలిచాడు. ఎప్పటి బొంగురు గొంతే.

"అమ్మీ, అవ్వ చెప్పమంది. ఎడమ కన్ను పోయింది, దాన్ని తలచి ఏడవొద్దంట. కుడిదాన్ని కాచుకో. వెచ్చనీళ్ళలో గుడ్డ తడిపి గంటకొక తూరి రెప్పలు విడదియ్యి. అరిచినా విడదియ్యి."

నాకు ఒళ్ళు మండింది. కన్ను పోయిందన్న మాట కూడా సరిగా చెవికెక్కలేదు.

"మాటలు పంపొద్దని చెప్పు మామా. ఊరందరి బిడ్డల కాడికీ పోయే మనిషికి, నా బిడ్డ కాడికి వచ్చేకి కాళ్ళు లేవా?"

 మెల్లగా, "వచ్చేకి లేదమ్మీ" అన్నాడు.

అత్త లేచి కూర్చుంది. "మీ మామనా? ముంజలు తేలేదా ఈ తూరి?" అని అడిగింది. ఆమె కూడా విన్నదని తెలియడానికే ఈ ముక్క రాస్తున్నాను. గోడ మీద బుట్ట లేదు. వీధిలో ఎవరూ లేరు. రైలుకు వేళయి పోయాడనుకున్నాం.

అవ్వ మాట అనేసరికి అత్త అడ్డు చెప్పలేదు. రెండు రోజులు గంట గంటకూ రెప్పలు విడదీశాను. పాప అరుపు వీధి చివరిదాకా వినిపించేదట. కుడి కన్ను నెత్తురులా ఉంది, కానీ వెలుతురు వైపు తిరిగింది. ఎడమ కంటి మీద పాలమీగడలాంటి పొర కమ్మి ఉంది.

మూడో నీళ్ళు పోసి వేపమండ విప్పాక మా ఆయన నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. అవ్వ పోయింది. గుడిసెల్లో సేవ చేస్తూ వాంతిభేది తానే తెచ్చుకుని ఒక్క పూటలో పోయింది. కబురు ఆయన పనిచేసే పత్తి మిల్లుకు వచ్చింది. కట్టుబాటు ప్రకారం నాకూ అత్తకూ చెప్పలేదు.

రోజులు లెక్కపెట్టి చూశాను. నేను గొంతు విన్ననాటికి అవ్వ పోయి రెండు రోజులు. ఆమె పోయిననాటికి పాప ముఖం ఇంకా వాయనేలేదు, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

కర్మ ముగిశాక మామ వచ్చాడు, గుండుతో. ఆ మధ్యాహ్నం సంగతి అడిగితే, మొదట తనను నిందిస్తున్నాననుకున్నాడు.

"కొరివి పెట్టినోణ్ణి, తల్లి ఉండే ఇంటి గోడకాడికి వస్తానా అమ్మీ? ఆ పొద్దు నేను సుడుగాట్లో, కాల్చినకాడ, అవ్వ బూడిదకి పాలు పోస్తా ఉంటిని."

తర్వాత ఊళ్ళో విచారించాను. ఎముకలు ఏరడానికి ఆయనతో వెళ్ళినవాళ్ళు ఏడుగురు. అందరూ అదే చెప్పారు.

అవ్వ గొంతే వినిపించి ఉంటే, నిద్రలేని మనసు చేసిన పని అని సరిపెట్టుకునేదాన్ని. మామ గొంతు ఎందుకు? అత్త ఎలా విన్నది? ఎవరూ రెప్ప ఎత్తి చూడని కన్ను పోయిందని ఎవరికి తెలుసు? ఆ తల్లి మారియమ్మే పలికిందని అత్త అంటుంది. వీధిన పోయేవాడెవడో అయ్యుంటాడని మా ఆయన అంటాడు. వీధిన పోయేవాడు నన్ను అమ్మీ అని ఎందుకు పిలుస్తాడు?

పాపకు ఇప్పుడు ఆరేళ్ళు, దాని తర్వాత తమ్ముడు పుట్టాడు. ఒక్క కంటితోనే సూదిలో దారం ఎక్కిస్తుంది.

మామకు ఆ రోజు జరిగిందంతా చెప్పాను, గోడ మీదుగా 'కాళ్ళు లేవా' అని నేను అన్న మాట తప్ప. దాన్ని ఎవరు విన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరో తెలియనంతవరకే నాకు కాస్తయినా నిద్ర పడుతోంది.