ఒక్కపొద్దు పిల్లి

మాది ఇంకా మైసూరు రాష్ట్రంగా ఉన్న రోజులు. బాగేపల్లి నుంచి చింతామణికి కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు నాకు అప్పగించిన మొదటి పని పిల్లికి అన్నం పెట్టడం. వంట ఆమెదే. దేవుడి గది గడప నన్ను తొక్కనిచ్చేవారు కారు. పిల్లిని మాత్రం నా మీద వదిలేశారు. మామగారిది శెనక్కాయలు, బెల్లం వ్యాపారం. ఎలుకలు గోతాలు కొరికేస్తాయి కాబట్టి ఆ ఇంట్లో పిల్లికి ఉన్న గౌరవం నాకు లేదు.

ఆ పిల్లి నా చేతి అన్నం ముట్టలేదు. పెరుగన్నం పెడితే వాసన చూసి, పక్కన నేలను కాలితో గీకి, పూడ్చిపెడుతున్నట్టు చేసి వెళ్ళిపోయింది. పాలు కలిపాను. నెయ్యి వేశాను. వేడిగా పెట్టాను, ఆరబెట్టి పెట్టాను. ఒక పూట కాస్త తిని ఆశ పెట్టేది, మరుసటి పూట అదే అన్నానికి మూతి తిప్పుకునేది. నాకేమీ పాలుపోయేది కాదు.

"కొత్త చెయ్యి కదా, పడలేదు" అన్నారు అత్తగారు. నాకు భయం పట్టుకుంది. పిల్లికే పడని చెయ్యి ఇంట్లో ఇంకెవరికి పడుతుంది?

మామగారి లెక్క వేరు. శనివారాలు వేంకటరమణస్వామికి ఇంటిల్లిపాదీ ఒక్కపొద్దు. పగలంతా పస్తుండి సాయంత్రం ఉప్పిట్టు, అదే ఉప్మా, తినేవాళ్ళం. పిల్లికీ అదే పెట్టమనేవారు. అది దాని దరిదాపుల్లోకి కూడా వచ్చేది కాదు.

"మా పిల్లి మాకన్నా నిష్ఠగా ఉంటాదప్పా, ఉప్పిట్టు గూడా ముట్టదు" అని అంగడికి వచ్చినవాళ్ళకి గర్వంగా చెప్పుకునేవారు. ఆదివారం కూడా తినకపోతే కాసేపు ఆలోచించి, "పుణ్యం జాస్తి చేస్తాండాది" అన్నారు.

పెరటి గోడ అవతల పట్టు దారం తీసేవాళ్ళు ఉండేవారు. పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీశాక మిగిలిన పురుగులు అక్కడ కుప్పగా పడి ఉండేవి. పిల్లి అక్కడ మేసి వస్తోందని నా అనుమానం. అదే నిజమైతే నా చెయ్యికి వచ్చిన చెడ్డపేరు పోతుంది. కానీ నిష్ఠగల పిల్లి పురుగులు తింటోందని మామగారితో చెప్పేదెవరు? ముందుగా పెరటి గోడ మీదుగా అక్కడి ఆమెను అడిగాను.

"యాడమ్మా, మేమేసినా మూతి పెట్టి పోతాది. దానికేం కావల్లో దానికే తెలీదు" అంది. ఉన్న ఒక్క ఆశా పోయింది.

అందరూ తిన్నాక కోడలు ఒక్కతే తినడం ఆ ఇంటి పద్ధతి. వంటింట్లో ఒంటరిగా విస్తరి ముందు కూర్చుంటే పుట్టిల్లు గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. అన్నం ఊరికే కలిపి కలిపి, లేచి ఆవు కుడితిలో వేసేసేదాన్ని. ఆ సంగతి ఎవరికీ తెలియదు. పిల్లి తినని సంగతి మాత్రం వీధంతా తెలుసు.

ఒక మధ్యాహ్నం అలా కూర్చుని ఉండగా పిల్లి వచ్చి పక్కన చేరింది. ఒక ముద్ద నేల మీద పెట్టాను. చూసి ఊరుకుంది. నేనొక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అదీ తినింది. నేను ఆపితే అదీ ఆపింది. దాని చేత ఎలాగైనా తినిపించాలన్న పంతంతో విస్తరి ఖాళీ చేశాను. ఆ ఇంట్లో కడుపు నిండా తినడం నాకదే మొదలు. తలెత్తితే గడప దగ్గర అత్తగారు నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి చూస్తున్నారో, నేను చూడగానే వెళ్ళిపోయారు.

మర్నాడు మగవాళ్ళు తిని లేచాక, ఎప్పుడూ వెంటనే తన భోజనం కానిచ్చేసే అత్తగారు నన్నూ కూర్చోమని, తన విస్తరి నా పక్కన వేసుకున్నారు. "పిల్లి తింటాదేమో చూద్దాం" అన్నారు.

పిల్లి వచ్చింది. అన్నం వాసన చూసింది, ఆమెను చూసింది, నన్ను చూసింది, తోక ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

"పోతే పోనీలేమ్మా, నువ్వు తిను" అని అత్తగారు నా విస్తరిలో నెయ్యి వేశారు.