నాలుకతో కొనే బెల్లం

మా అత్తగారి ఊరి బజారుకు మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చూసినవి కాళ్ళు. మనుషుల కాళ్ళు, ఎద్దుల కాళ్ళు, తోపుడుబండ్ల చక్రాలు, ఒక మేక. అంతకన్నా పైకి చూపు పోలేదు. పెళ్ళయిన మూడోరోజున నా చీర కొంగును గడ్డం దాకా లాగి, ఘూంఘట్ అంటే ఇదీ అని చెప్పి, బజారు మధ్యలో ఉన్న గుడికి నడిపించారు. సంతకు వెళ్ళి చెప్పుల మోడళ్ళు మాత్రమే చూసి వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయివుంటాను.

ఆ ఊరు ఉత్తరప్రదేశ్‌లో, ఢిల్లీ నుంచి కారులో నాలుగు గంటలు. చుట్టూ చెరకు తోటలు, నడుమ ఒక బజారు, వారానికోసారి సంత. మా ఆయనది ఆ ఊరు, నాది వరంగల్ వైపు. కలిసింది జర్మనీలో, కార్ల్స్‌రూహెలో, ఒకే ఆఫీసులో. ఇంగ్లీషులో ప్రేమించుకున్నాం, జర్మన్‌లో ఇల్లు వెతుక్కున్నాం, హిందీలో పోట్లాడుకుంటాం. నా హిందీ హైదరాబాద్ హిందీ కాబట్టి పోట్లాటలో ఆయనకు నవ్వొస్తుంది, నాకు ఇంకా కోపమొస్తుంది.

మా ఊళ్ళో అంగడి అంటే ఆడవాళ్ళదే రాజ్యం. అమ్మేది వాళ్ళే, కొనేది వాళ్ళే, బేరం తెగక తిట్టుకునేది కూడా వాళ్ళే. మా అమ్మ వంకాయను గిల్లకుండా కొన్న పాపాన పోలేదు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, గుడ్డ వెనక నుంచి చెప్పులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఆ సాయంత్రం ఫోన్లో చెబితే అమ్మ మండిపడింది.

"గదేంది బిడ్డా, మొకం కప్పుకునుడేంది? మన పెండ్లిల తెర పట్టేదే గంతసేపు. జీలకర్ర బెల్లం పెట్టంగనే తీసేస్తరు. మల్ల జన్మల తెర ఉంటదా?"

ఉండదు అనుకున్నాను నేను కూడా. ఇంకెప్పుడూ ముఖం కప్పుకుని ఆ బజారుకు రానని మా ఆయనకు ఆ రోజే చెప్పేశాను. తర్వాత రెండుసార్లు ఆ ఊరు వెళ్ళాను కానీ ఇంటి గడప దాటలేదు. అందరూ కోడలికి బిడియం అనుకున్నారు. నాది మొండితనం.

ఆ ఇంట్లో పెత్తనం పెదమామగారిది, అంటే మా అత్తగారి బావగారిది. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. బజారు మొదట్లోనే పెదమామగారి కొట్టు ఉంది. బెల్లం, ధాన్యం. ఆ కొట్టు ముందు నుంచి తప్ప బజారులోకి ఇంకో దారి లేదు, బావగారి కంట ఇంటి కోడలి ముఖం పడకూడదు. అందుకని మా అత్తగారు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ బజారులో కాళ్ళే చూస్తున్నారు. ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ బావగారు ఆవిడతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే గోడకో, గాలికో, పక్కనున్న మూడో మనిషికో చెబుతారు. జవాబు కూడా అదే దారిలో తిరిగి వస్తుంది.

మా అత్తగారికి ఒకే ఒక్క బాధ ఉండేది, అది బెల్లం గురించి. చెరకు ఊళ్ళో పుట్టి, చెరకు ఊళ్ళో మెట్టి, తినేది మాత్రం కొట్టులో అమ్ముడుపోక మిగిలిన పసుపుపచ్చటి బెల్లం. రంగు తేలడానికి ఏవో మందులు కలిపి నిగనిగలాడించిన సరుకు. "మగవాళ్ళు బెల్లాన్ని కంటితో కొంటారు బహూ, నాలుకతో కొనరు," అనేవారు. సంతలో పల్లెల నుంచి వచ్చే నల్లటి బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకుని, రుచి చూసి, బాగుంటేనే కట్టించుకోవడం ఆ ఊరి పద్ధతి. అక్కడ రుచి చూపించకుండా ఎవరూ అమ్మరు, చూడకుండా ఎవరూ కొనరు. కానీ రుచి చూడాలంటే నోరు బయట ఉండాలి. ఆవిడకు ఆ వీలు లేదు.

కరోనా వచ్చింది. కార్ల్స్‌రూహెలో వంటగది బల్ల మీద నా ఆఫీసు, పడకగదిలో మా ఆయన ఆఫీసు. ఆదివారం ఆదివారం వీడియో కాల్. ఒకసారి పెదమామగారు ఫోనులో ఉన్నప్పుడు నేను టీషర్టులో, తల విరబోసుకుని కనిపించానట. మరుసటి వారం కాల్ మధ్యలో మా ఆయన నసుగుతూ వచ్చాడు.

"పెదనాన్న ఉన్నప్పుడు తల మీద చున్నీ ఏదన్నా..."

"చూడలేకపోతే ఆయన్ని కళ్ళు మూసుకోమను," అన్నాను. "కళ్ళకు రెప్పలు ఉన్నది అందుకే."

మ్యూట్ చేయలేదని అప్పుడు తెలిసింది. అవతల పెదమామగారు లేరు, బతికిపోయాం. తెర మీద మా అత్తగారు కొంగు జారిపోయినా పట్టించుకోకుండా నవ్వుతున్నారు. ఆవిడ పళ్ళు చూడటం నాకు అదే మొదలు.

రెండో ఏడు వేసవిలో ఆ ఊరు అల్లాడిపోయింది. మా అత్తగారు పది రోజులు జ్వరంతో పడుకున్నారు. వీధిలో రెండు ఇళ్ళకు తాళాలు పడ్డాయి, మళ్ళీ తెరుచుకోలేదు. ఇక్కడ కూర్చుని ఫోను పట్టుకోవడం తప్ప మేము చేయగలిగింది ఏమీ లేదు. నాకు ఎవరి మీద కోపమో తెలియని కోపం ఉండేది, ట్రాములో ఎవరైనా ముక్కు బయటపెట్టుకుంటే వాళ్ళమీద తీర్చుకునేదాన్ని. ఆ ఏడాది చలికాలంలో టీకాలు వేయించుకుని, పరీక్షలు చేయించుకుని, సూట్‌కేసులో ఎఫ్‌ఎఫ్‌పీ టూ మాస్కుల డబ్బాలు పెట్టుకుని మూడు వారాలకు బయలుదేరాం.

సంత రోజు పొద్దున నేను మాస్కు పెట్టుకుని వరండాలోకి వచ్చాను. బజారుకు వెళ్దామనే. తల మీద కొంగు లేదు, జుట్టు ముడి వేసుకున్నాను. గొడవ అవుతుందని తెలుసు, మాటలు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. కొట్టుకు బయలుదేరుతున్న పెదమామగారు ఒకసారి నన్ను చూసి, చాలా సంతోషంగా తలాడించి, గోడతో అన్నారు:

"జర్మనీలో ఉండి ఉండి కోడలికి బుద్ధి వచ్చింది. ముఖం కప్పుకుంది."

నా ఒళ్ళు భగ్గుమంది. ఇన్నేళ్ళ మొండితనాన్ని ఆయన ఒక్క ముక్కలో తన ఖాతాలో వేసేసుకున్నాడు. మాస్కు పీకి నేలకేసి కొట్టాలనిపించింది. కానీ ఎలా పీకుతాను? తాళాలు వేసిన ఆ రెండు ఇళ్ళు ఎదురుగానే ఉన్నాయి. ఆయన వెళ్ళాక వరండాలో అటూ ఇటూ తిరుగుతూ అచ్చ తెలుగులో తిట్టాను. ఆ ఇంట్లో నాకున్న ఒకే సౌకర్యం అది, ఎవరికీ అర్థం కాదు.

మా అత్తగారు పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. తిట్లు అయ్యేదాకా ఆగి, నా మాస్కు వైపు చూపిస్తూ, "అలాంటిది ఇంకొకటి ఉందా?" అని అడిగారు.

నేను జ్వరం భయమనుకుని, రోజుకొకటి మార్చాలి, ముక్కు దగ్గర తీగ నొక్కాలి అని పాఠం మొదలుపెట్టాను. ఆవిడ వినలేదు. మాస్కు పెట్టుకుని, కొంగును నెత్తి మీద పాపిట దాకా వెనక్కి తోసి, అద్దం ముందు నిలబడ్డారు. చాలాసేపు చూసుకున్నారు.

"ముక్కు కప్పింది. మూతి కప్పింది. ఇంకేం కప్పాలి?" అన్నారు అద్దంతో. "పద."

పెదమామగారు మమ్మల్ని కొట్టులోంచి చూశారు. ముందు ఎవరో అనుకున్నారు. తర్వాత తెలిసి, తక్కెడ వైపు తిరిగి, "ఘూంఘట్ ఎక్కడ మరిచిపోయినట్టు?" అని తక్కెడను అడిగారు.

మా అత్తగారు నా వైపు తిరిగారు. "చెప్పు బహూ, ఇది జర్మనీ ఘూంఘట్ అని. సర్కారు ఆర్డరు కూడా ఉందని చెప్పు."

నేను చెప్పాను. గట్టిగా, పక్క కొట్లకు కూడా వినబడేలా చెప్పాను.

ఆ తర్వాతి గంట నేను బజారు కన్నా ఆవిడనే ఎక్కువ చూశాను. ప్రతి దుకాణం ముందూ ఆగారు. బోర్డులు చదివారు, ఆవిడ అయిదో తరగతి దాకా చదువుకున్నారని ఆ రోజే తెలిసింది. గాజుల దుకాణం అతని కుడి కాలి బొటనవేలు వంకర, ఆ వేలు ఆవిడకు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పరిచయం. తల ఎత్తి ముఖం చూసి, "ఇంత ముసలివాడా ఇతను!" అని నా చెవిలో అన్నారు. నవ్వు ఆపుకోలేక ఇద్దరం మసాలా దినుసుల దుకాణం వెనక్కి వెళ్ళి నిలబడ్డాం.

బెల్లం బండి పెదమామగారి కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉంది. పల్లె నుంచి వచ్చిన ఒకావిడ, ముందు నల్లటి ముద్దలు. అడగకుండానే అంచు విరిచి మా అత్తగారి చేతిలో పెట్టింది. మా అత్తగారి చెయ్యి మాస్కు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. రోడ్డుకు అవతల పెదమామగారు తక్కెడ వదిలేసి లేచి నిలబడ్డారు. ఆవిడ గుప్పిట మూసి, ఏమీ కొనకుండా, వెనక్కి తిరిగారు. ఇంటికి వచ్చి వంటింట్లో గుప్పిట తెరిస్తే బెల్లం కరిగి అరచేతికి అంటుకుని ఉంది. నాకుతుంటే ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "అంతదూరం వచ్చి అక్కడ ఆగిపోయారేం అమ్మాజీ?" అన్నాను.

"నువ్వు మూడు వారాలకు విమానం ఎక్కుతావు," అన్నారు ఆవిడ, చెయ్యి కడుక్కుంటూ. "నేను ఈ వీధిలో ఉండాలి."

కోపం తెచ్చుకోవడం తేలికే, తిరుగు టికెట్టు ఉన్నవాళ్ళకు ఇంకా తేలిక. వచ్చేటప్పుడు మిగిలిన మాస్కులన్నీ ఆవిడ పెట్టెలో పెట్టి వచ్చాను. ఆవిడ వాటిని లెక్కపెట్టి, వారానికొకటి చొప్పున ఎన్ని సంతలకు వస్తాయో చూసుకున్నారు.

కార్ల్స్‌రూహెకు తిరిగి వచ్చాక ఆదివారం కాల్స్‌లో ఆవిడ బజారు కబుర్లే చెప్పేవారు. ఏ కొట్టుకు కొత్త రంగు వేశారు, కూరలమ్మే ఎవరి కూతురు అచ్చం ఎవరిలా ఉంది. బెల్లం మాట నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

చలికాలం వెళ్ళిపోతున్న రోజుల్లో ఒక పొద్దున, ఆఫీసుకు ట్రాములో పోతుంటే ఫోను మోగింది. పనిరోజు ఆవిడ ఎప్పుడూ చేయరు. తెర మీద ముందు ఆకాశం, తర్వాత ఒక చెవి, ఆ తర్వాత ఆవిడ ముఖం. మొత్తం ముఖం. ముక్కుపుడక, కింది పెదవి పక్కన పుట్టుమచ్చ. వెనక సంత.

"బహూ, వినబడుతోందా? ఇదిగో చూడు." నల్లటి బెల్లం ముక్క ఒకటి చూపించి, నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని చప్పరించారు. "చెరకు పాకం సరిగ్గా దించారు. అయిదు కిలోలు కట్టించాను."

"మాస్కు?" అన్నాను. నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే, సిగ్గులేకుండా.

"చెయ్యిసంచిలో ఉంది. ఇక్కడ ఎవరూ పెట్టుకోవడం లేదు, జ్వరాలూ లేవు. నేనొక్కదాన్నే ఎందుకు పెట్టుకుంటున్నానో ఊరందరికీ తెలుసు. తెలిశాక ఇక దాచేదేముంది?"

"పెదమామగారు?"

ఆవిడ ఫోనును తిప్పారు. రోడ్డుకు అవతల కొట్టు, గద్దె మీద పెదమామగారు. మెడలోని తువ్వాలును కళ్ళ కింది దాకా లాక్కుని, అటు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ బజారులో ఆ పూట ముఖం కప్పుకున్నది ఆయన ఒక్కరే.

నేను ట్రాములో పగలబడి నవ్వాను. ఎదుటి సీటులో పెద్దావిడ వేలు మాస్కు మీద ఆనించి, నెమ్మది అని సైగ చేసింది. పక్కాయన పత్రిక దించి చూశాడు. ఈ దేశంలో ట్రాములో గట్టిగా మాట్లాడటం తప్పు, నాకు తెలుసు, ఇన్నేళ్ళూ గుసగుసల్లోనే బతికాను.

మా అత్తగారు నా ముఖం మీది మాస్కును తేరిపార చూశారు. "అయ్యో, ముసుగు ఇప్పుడు నీ మీద పడిందా? ఎప్పుడు తీయనిస్తారట మీ వాళ్ళు?"

"ఆఫీసు స్టాపు దాకా తీయడానికి లేదు అమ్మాజీ," అన్నాను. గొంతు తగ్గించలేదు. ట్రాము చివర ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. "నా బదులు ఇంకో ముక్క మీరే తినండి."

ఆవిడ బెల్లం బండి వైపు చెయ్యి చాచారు. ఈసారి పెద్ద ముక్కే విరిచారు.