కుట్టినచోట సున్నం

మొన్న తార్నాకలో మా అపార్ట్‌మెంటు మెట్ల కిటికీకి తేనెటీగల గుంపొకటి వచ్చి గుత్తిగా వేలాడితే, ఫోను చేయగానే వచ్చిన తేనెటీగలు పట్టే మనిషి దూరం నుంచే తేరిపార చూసి, "పట్టు పెట్టలే మేడమ్, కొత్త తావు దేవులాడుకుంట ఆగినయ్. రెండు మూడు రోజులల్ల అవే పోతయ్, పొగ పెట్టకుండ్రి, ముట్టకుండ్రి" అని చెప్పి, పట్టు పెడితే మాత్రం పిలవమని వెళ్ళిపోయాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను మాత్రం మెట్టు మీదే కూర్చుని ఆ గుత్తినే చూస్తూ ఉండిపోయాను.

తొంభైలలో యూనివర్సిటీ క్వార్టర్లలో ఉన్న మనవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బోనాలు దగ్గర పడితే ఇంటింటి ముందూ డ్రమ్ములో సున్నం నానుతుండేది. నేనప్పుడు లైబ్రరీలో కొత్తగా ఉద్యోగంలో చేరి, మాణికేశ్వర్ నగర్ వైపున్న మా చిన్నాయన క్వార్టర్లో ఉండేదాన్ని. ఆయన హాస్టల్ మెస్సులో వంట మనిషి, ఎంతటి పనినైనా నవ్వుతూ నెత్తినేసుకునే రకం. ఆ ఆదివారం సున్నం వేద్దామని గోడకు నిచ్చెన వేస్తే, పొద్దున లేని తేనెటీగలు సజ్జ కింద గుత్తిగా వేలాడుతున్నాయి. పట్టూ లేదు, తేనే లేదు, ఉత్త ఈగలే. వాటిని వాటి మానాన వదిలేయవచ్చని మాలో ఒక్కరికి తెలిస్తేనా! పండుగకు గోడ తెల్లగా ఉండాల్సిందేనని నానమ్మ పట్టుబట్టింది, చిన్నాయన కర్రకు గుడ్డ చుట్టి, కిరోసిన్‌లో ముంచి అంటించాడు.

మంట తగిలిందో లేదో గుత్తి విచ్చిపోయి ఆయన మీద పడింది. చిన్నమ్మ గొంగడి కప్పి లోపలికి లాక్కొచ్చేసరికే మెడా ముఖమూ వాచిపోయాయి. ఇక మొదలైంది మా వైద్యం. ఏది కుట్టినా సున్నం రాయడమే కదా మనకు తెలిసింది, వాడకట్టంతా వచ్చి, గోడకని నానబెట్టిన సున్నాన్నే తలా ఒక వేలితో ఆయన ఒంటికి అద్దారు. గొంతు బిగుసుకుపోతోంది, ఊపిరాడటం లేదని చిన్నాయన సైగ చేస్తూనే ఉన్నాడు. నానమ్మ తల నిమురుతూ, "కుట్టింది తేనెటీగలే గద బిడ్డా, పామా ఏంది? జెర పండుకో, సున్నం గుంజుతది" అంది. హెల్త్ సెంటర్ మా వీధి చివరే, నడిచిపోయేంత దూరం. పెదవులు నల్లబడ్డాక గానీ ఎవరికీ ఆటో గుర్తుకు రాలేదు. ఆటోలోనే, చిన్నమ్మ ఒడిలో పోయాడు.

మట్టి చేసి వచ్చేసరికి, మిగిలిన ఈగలు మళ్ళీ ఆ సజ్జ కిందే గుత్తి కట్టి ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నం, ఎవరూ కన్నెత్తి చూడకుండానే, లేచి వెళ్ళిపోయాయి. ఆ ఖాళీ గోడను చూసి చిన్నమ్మ, "గంతేనా? వాటంతల అవే పోతయా?" అని ఒక్కొక్కరినీ అడిగింది.

ఆ రోజులే వేరు, ఆ ఆప్యాయతలు ఇప్పుడెక్కడివని మన వయసువాళ్ళం కలిస్తే అనుకుంటాం, నేనూ అంటాను. నిజమే, ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఎదురింట్లో ఎవరుంటారో నాకు తెలియదు, నాకేమైనా అయితే తలుపు తట్టేవాళ్ళూ లేరు. ఆనాడు ఒక్క కేకకు అంతమంది పరుగెత్తుకొచ్చారు. చిన్నాయన ఊపిరాడక కొట్టుకుంటుంటే మేమందరం గాలి కూడా చొరనంత దగ్గరగా, ఎంతో ప్రేమగా, ఆయన చుట్టూ కూర్చున్నాం.