పంతొమ్మిదో పేజీ గుర్తులు

లైబ్రరమ్మ ఇరవయ్యారేళ్ళ ఉద్యోగంలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. ఇందులో గొప్పేమీ లేదు, రోడ్డు దాటితే లైబ్రరీ. పొయ్యి మీద పాలు పెట్టి, వెళ్ళి తాళం తీసి, పొంగేలోపు వెనక్కి వచ్చేది. నోరు మాత్రం పెద్దది. "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కింద కూర్చుని ఏ పుస్తకం చదవాలో, ఏది శుద్ధ దండగో వీధి చివరిదాకా వినపడేలా చెప్పేది. అడిగినా చెప్పేది, అడక్కపోయినా చెప్పేది.

ఇంకో నాలుగేళ్ళకి రిటైరవ్వాల్సిన మనిషి. ఇంతలో మునిసిపాలిటీకి ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది. లైబ్రరీలని జనానికే అప్పగిస్తే జనమే నడుపుకుంటారట. ఆఫీసరు వచ్చి, ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకోమని ఆమె చేతిలో ఒక పూలగుత్తి, ఒక ఉత్తర్వు పెట్టాడు.

"మీరు కూడా వాలంటీరుగా రావచ్చండి."

"నిన్నటిదాకా చేసిన పనేగా?"

"అదే పనండి."

"జీతం లేకుండా?"

"సంతృప్తి ఉంటుంది కదండీ."

"మీకు కూడా ఒకటో తారీఖున సంతృప్తే ఇస్తున్నారా?" అని అడిగింది. ఆఫీసరు వాచీ చూసుకుని, ఇంకో మీటింగుందని లేచాడు.

అయితే ఆ ఉత్తర్వులో ఒక మెలిక ఉంది. మొదటి మూడు నెలలూ పరీక్ష. ఈలోగా రెండువేల పుస్తకాలు పాఠకుల ఇళ్ళకి వెళితే లైబ్రరీ శాశ్వతంగా వాలంటీర్లదే. వెళ్ళకపోతే పాత పద్ధతే, ఆమె ఉద్యోగం ఆమెకి వచ్చేస్తుంది. వాలంటీర్లు తీసుకున్నవి లెక్కలోకి రావు. అది చదివినప్పటినుంచీ లైబ్రరమ్మ ఆ లైబ్రరీ నాశనమైపోవాలని మనసారా కోరుకుంది. సిగ్గూ ఎగ్గూ లేకుండా, కాళ్ళు చాపుకుని మరీ కోరుకుంది.

వాలంటీర్లకి పెద్ద ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. మంచివాడు, చిక్కంతా అక్కడే. మంచివాళ్ళు ఊరికే కూర్చోలేరు. మొదటి వారం బీరువాలు తుడిపించాడు. రెండో వారం పుస్తకాలు తెరిపిస్తే, ఏ నవల చూసినా పంతొమ్మిదో పేజీ అంచున పెన్సిల్ చుక్కలు, గీతలు, సున్నాలు. ఇదేం జనమని బాధపడి, డబ్బాడు రబ్బర్లు తెప్పించి, పదిమందిని కూర్చోబెట్టి పదిరోజులు చెరిపించాడు. చెరిపాక ఫొటో కూడా తీయించుకున్నారు.

ఆ లైబ్రరీలో నవలలన్నిటికీ ఒకటే ఆకుపచ్చ అట్ట. పేరు చూసి కథ గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని చదివినవాళ్ళు పంతొమ్మిదో పేజీలో తమ గుర్తు పెట్టుకునేవాళ్ళు. వీధి మొదట్లో ఉండే టైలరు బాబాయిది ఇంటూ, లైబ్రరమ్మ అత్తగారిది సున్నా. పుస్తకం తీయగానే ఆ పేజీ తిప్పి, తన గుర్తుంటే మళ్ళీ అరలో పెట్టేయడం. రూల్సులో ఈ ముక్క లేదు. కొత్తగా చేరినవాళ్ళకి లైబ్రరమ్మే చెవిలో చెప్పేది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడేది అప్పుడొక్కప్పుడే.

మొదటి దెబ్బ అత్తగారికే తగిలింది. నూటనలభై పేజీలు చదివి కళ్ళజోడు తీసింది.

"ఏమే, దీంట్లో చంపింది వంటమనిషేగా?"

"అవునత్తయ్యా. పోయినేడాది చదివారు."

"మరి ముందే చెప్పి చావొచ్చుగా."

"నేను విశ్రాంతి తీసుకుంటున్నానుగా."

ఇంటింటా ఇదే గోల. విసుగెత్తి జనం రావడం మానేశారు. నెలన్నరకి నాలుగువందలు కూడా దాటలేదు. లైబ్రరమ్మ తన పాత కుర్చీకి కొత్త దిండు కుట్టించడానికిచ్చింది.

ఆ దిండు పట్టుకుని టైలరు బాబాయ్ ఆమె ఇంటి కిటికీ దగ్గరికొచ్చాడు. చేతిలో మూడు పుస్తకాల పేర్లు రాసిన చీటీ.

"అమ్మాయ్, ఇవి నేను చదివానంటావా?"

నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకుంటే లైబ్రరమ్మ ఎలా అవుతుంది?

"మొదటిది పడవ మునిగేది, చదివావు బాబాయ్. రెండోది చదవలేదు. మూడోది నీకు పడదు, ఎత్తుకుంటే అన్నీ ఉత్తరాలే."

బాబాయ్ నోరెళ్ళబెట్టాడు. ఆ నోరు చూసేసరికి ఆమెకి ఆకాశంలో తేలినట్టయింది. మర్నాడు కిటికీ దగ్గర నలుగురు, ఆ వారాంతానికి ఇరవైమంది. మేనేజరు ఆమె కిటికీ కింద ఒక బెంచీ కూడా వేయించాడు. తన గోతిని తనే తవ్వుకుంటున్నానని లైబ్రరమ్మకి తెలుసు. తెలిసినా, ఇరవయ్యారేళ్ళుగా ఎవరేం చదివారో బుర్రలో పెట్టుకున్న మనిషిని ఒకడు వచ్చి అడిగితే ఎలా ఆగుతుంది? అవతల లెక్క పదిహేనువందలు దాటింది, పద్దెనిమిది వందలు దాటింది.

చివరిరోజు సాయంత్రం ఆరున్నరకి అత్తగారు లైబ్రరీ నుంచి వచ్చి కూలబడింది.

"ఇంకా మూడు తక్కువట. మూసేది ఏడింటికి. మేనేజరు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. నేనైతే ఉత్త చేతులతో వచ్చేశాను, చూసుకో."

ఆమె మాట పూర్తికాకుండానే కిటికీలో టైలరు బాబాయ్. చీటీలో మూడు పేర్లు.

"వారం రోజులు షాపు మూస్తున్నానమ్మాయ్. ఇవి చదివానేమో కాస్త చూసిపెట్టు."

వెనకనుంచి అత్తగారు జబ్బ మీద గిల్లింది. మూడూ చదివావంటే చాలు, బాబాయ్ మారుమాట లేకుండా ఇంటికి పోతాడు. లైబ్రరమ్మ చీటీ చూసింది. మూడూ చదవలేదు. రెండోది అతనికి నచ్చి తీరుతుందని నిరుడే అనుకుంది.

"ఒక్కటీ చదవలేదు బాబాయ్. రెండోది ముందు చదువు, చాలా బావుంటుంది. మూసేస్తారు, త్వరగా వెళ్ళు."

బాబాయ్ రోడ్డు దాటాడు. కాసేపటికి అవతల చప్పట్లు వినపడ్డాయి. లైబ్రరమ్మకి ఏడుపు ఆగలేదు.

"ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేదే?" అంది అత్తగారు. "సోమవారం నుంచి నీ ఉద్యోగం నీకుండేది."

"మీ గురించి ఎవరైనా అడిగితే ఎన్నైనా ఆడతానత్తయ్యా," అంది లైబ్రరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "పుస్తకం గురించి అడిగితే ఎలా ఆడను?"