ఒకటి వదిలి ఒకటి

గిటారు మాస్టారు వరసగా ఉన్న దేన్నీ వరసగా వాడడు. ఒకటి తీసుకుంటాడు, ఒకటి వదిలేస్తాడు, మళ్ళీ ఒకటి తీసుకుంటాడు. చొక్కాకి మొదటి గుండీ, మూడో గుండీ, ఐదో గుండీ పెట్టుకుని మధ్యలోవి గాలికి వదిలేస్తాడు. బ్రెడ్డు ప్యాకెట్టు విప్పినా అదే లెక్క. పేపర్లో కూడా ఒకటో పేజీ, మూడో పేజీ, ఐదో పేజీ చదివి పక్కన పడేస్తాడు. అందుకని ఎక్కడో దొంగతనం జరిగిందని ఆయనకు తెలుస్తుంది గానీ, దొంగ దొరికాడని మాత్రం ఎప్పటికీ తెలియదు. మనిషి భారీ, మోకాళ్ళు అంతంతమాత్రం. అయినా సరే, మేడమెట్లు ఒకటి వదిలి ఒకటి ఎక్కుతుంటే చూసేవాళ్ళకు గుండె గుబేలుమంటుంది.

అలాంటి మనిషి చేతిలో పడింది పిట్ట. అసలు పేరు వేరే ఉందిలెండి. గుండె మరీ పిట్ట గుండె కాబట్టి అక్క అలా పిలవడం మొదలుపెట్టింది, అదే స్థిరపడిపోయింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది, మోగకపోతే ఎందుకు మోగలేదా అని హడలిపోతుంది.

ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ షాపు మూతపడింది. చిన్నపిల్లల బడిలో ఉద్యోగం ఉందన్నారు గానీ అందులో ఒక మెలిక ఉంది. పరీక్ష పెట్టే రోజున పిల్లలు ఏ పాట ఎత్తుకుంటే ఆ పాటకు పక్కన గిటారు వాయించాలి. పిట్టకు వచ్చినవి బట్టీపట్టిన రెండు పాటలు. ఈ ఉద్యోగం రాకపోతే అద్దెగది ఖాళీ చేసి అక్క ఇంట్లో సోఫా మీద పడుకోవాలి. రాత్రంతా బావ గురక, పొద్దున లేస్తే బావ సలహాలు. గురకైనా భరించగలదేమో గానీ, ఆ సలహాలు తలుచుకుంటేనే ఆమెకు చెమటలు పట్టేవి.

మొదటి రోజే మాస్టారి ముందు అన్నీ ఒప్పేసుకుంది.

"ముందే చెప్తున్నా మాస్టారూ. నాకు లెక్కలంటే భయం. థియరీ అన్న మాట వింటే చెవులు మూసుకుంటాను. స్కేళ్ళనీ కార్డులనీ పుస్తకంలో ఆ చుక్కల బొమ్మలు చూస్తే కళ్ళు తిరుగుతాయి."

"ఇంకా?"

"మీరన్నా కొంచెం భయంగానే ఉంది."

మాస్టారు గడ్డం గోక్కుంటూ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "సరే, థియరీ అన్న మాట ఇక్కడ ఎవరూ ఎత్తరులే," అన్నాడు.

రెండో క్లాసుకు వెళ్ళేసరికి సగం గుండీలతో కనిపించాడు. పిట్ట చూపు తిప్పుకుంది.

"స్కేలంటే మెట్లు. కింద నుంచి పైకి ఏడు. ఎక్కు," అన్నాడు మాస్టారు. పిట్ట ఒక్కో స్వరమే వాయిస్తూ ఎక్కింది. మర్నాడూ ఎక్కింది, ఆ వారమంతా ఎక్కింది. ఇంకో తీగ మీద మొదలుపెట్టి అక్కణ్ణుంచీ ఎక్కింది. పరీక్ష దగ్గరపడుతోంది, చేతికి ఒక్క కార్డూ రాలేదు.

"మాస్టారూ, మూడు స్వరాలు కలిపి ఒకేసారి మోగిస్తారే, ఆ కార్డులు ఎప్పుడు చెప్తారు?"

"ఇప్పుడే దాని మీంచే నడిచొచ్చావు గదమ్మా," అంటూ బ్రెడ్డు ప్యాకెట్టు ముందుకు తోశాడు. "తిను. రెండో ముక్క ముట్టుకోకు."

ఆమె వచ్చే దారిలో టీకొట్టు ఉంది. అక్కడా బెంచీ మీద ఆయనే, పక్కవాడికీ తనకీ మధ్య ఒక చోటు ఖాళీ వదిలి. ఎవరైనా వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటే లేచి అవతలికి జరిగేవాడు. "ఇక్కడే కూర్చోండి మాస్టారూ, చోటుందిగా" అంటే, "పక్కది మనది కాదండీ, దాని అవతలిది మనది" అనేవాడు. ఉన్న ఈ కాస్త వ్యవధీ ఒక తిక్కమనిషి దగ్గర పోగొట్టుకుంటున్నానా అనిపించింది పిట్టకు.

అక్కకు ఫోన్ చేసి గోడు చెప్పుకుంది.

"నీకు దొరికాడూ మాస్టారు," అంది అక్క. "పోనీ, సోఫా దులిపి ఉంచనా?"

పరీక్షరోజు రానే వచ్చింది. చాప మీద పిల్లలు బారుగా కూర్చున్నారు. కుర్చీలో హెడ్ మేడమ్. "మీకిష్టమైంది పాడండర్రా," అందావిడ. వాళ్ళు ఏనుగుకు జలుబు చేసిన పాట ఒకటి అందుకున్నారు. ఆ పాట పిట్ట ఎన్నడూ విననైనా లేదు. పైగా గొంతులు ఎంత పైనున్నాయంటే, ఆమె బట్టీపట్టిన వేళ్ళు అక్కడ ఎందుకూ పనికిరావు. లేచి పారిపోదామనుకుంది గానీ తలుపుకూ ఆమెకూ మధ్య చాప నిండా పిల్లలే.

ఏనుగు తుమ్మిన చోట పాట ఒక స్వరం మీదకొచ్చి కూర్చుంది. పిట్ట ఆ స్వరాన్ని తీగ మీద వెతికి పట్టుకుంది. ఇది మొదటి మెట్టు. ఆ తర్వాత? కళ్ళముందు మాస్టారి చొక్కా నిలబడింది. మొదటి గుండీ, మూడోది, ఐదోది. ఆ మూడు స్వరాలూ కలిపి నొక్కి మీటింది. పిల్లల గొంతుల కింద కార్డు చక్కగా అమరింది.

పాట ముందుకు సాగేసరికి అదే కార్డు కర్ణకఠోరంగా తగిలింది. మళ్ళీ భయం. ఈసారి నాలుగో మెట్టు మీద మొదలుపెట్టి ఒకటి వదిలి ఒకటి పట్టుకుంది. కుదిరింది. ఆ పైన ఐదో మెట్టు, అదే లెక్క. ఏనుగు జలుబు తగ్గేదాకా ఆ మూడు కార్డులతోనే నెట్టుకొచ్చింది.

"సోమవారం నుంచి వచ్చేయండి," అంది హెడ్ మేడమ్.

"ఏ సోమవారమండీ?" అంది పిట్ట. నమ్మడానికి భయమేసింది మరి.

అట్నుంచి అటే మాస్టారి ఇంటికి పరిగెత్తింది. మేడమీద ఆయన భార్య తలుపు తీసి లోపల కూర్చోబెట్టింది. కాసేపటికి కింద చప్పుడైతే పిట్ట తొంగిచూసింది. మాస్టారు కమ్మీ పట్టుకుని ప్రతి మెట్టూ బుద్ధిగా ఎక్కుతున్నాడు. చొక్కాకి అన్ని గుండీలూ పెట్టి ఉన్నాయి. తలెత్తి పిట్టను చూడగానే కంగారుగా ఒక మెట్టు వదిలి ఎగిరాడు, మోకాలు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"ఇక చాలించండి," అని కేకేసింది భార్య. "మొహం చూస్తే తెలియడంలా? ఉద్యోగం వచ్చింది ఈ అమ్మాయికి."

"పిన్నిగారూ, అయితే ఈ అలవాటు..."

"అలవాటా, నా మొహమా. నీకు పుస్తకమంటే భయమన్నావట. పుస్తకం లేకుండా నీ కళ్ళకు ఎక్కించాలని ఈ వేషం. నువ్వు వచ్చే వేళకు పనిగట్టుకుని ఆ టీకొట్టుకు పోయేవారు. నీకు ముందు ఒకాయనకు మూడు దెబ్బల తాళం పట్టుబడకపోతే, ఆర్నెల్లపాటు ఒక అడుగు గట్టిగా, రెండడుగులు మెత్తగా వేస్తూ నడిచారు. కాలికి ఏమైందని వీధంతా పరామర్శ."

మాస్టారు మెల్లగా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన మొహంలో దొరికిపోయిన సిగ్గు.

"బాగా భయపడ్డావా?" అని అడిగాడు.

"చాలా."

"థియరీకా?"

"మీకు."

"మంచిదే. దానికి భయపడే తీరిక నీకు దొరకలేదన్నమాట."

పిట్ట నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మాస్టారి భార్య మాత్రం నవ్వలేదు.

"నాకూ ఉందమ్మాయ్ భయం," అందావిడ గొంతు తగ్గించి. "రేపట్నుంచి కొత్తాయన వస్తున్నాడట. తీగ నొక్కితే వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయట పాపం. దేన్నైనా వదులుగా ఎలా పట్టుకోవాలో చూపించాలని ఈయన నిన్నట్నుంచి ఒకటే ఆలోచన."

అంటూనే స్టూలెక్కి గాజు గ్లాసులన్నీ పై అరలో దాచడం మొదలుపెట్టింది. పిట్ట గబగబా లేచి కింద నుంచి ఒక్కొక్కటే అందించింది.